నీళ్ళకు తొవ్వ

ఆ మొద్దును కొంచెం అవుతలికి జరుపు బిడ్డా, పొగంత నా మొఖానికే కొడుతున్నది. ఆఁ, సాలు. ఇగ ఇను. పొద్దుగాల నువ్వు అడిగితివి గదా, గీసుగొండ దిక్కు లాండ్రీల ఆవిరితోని నీళ్ళు కాగవెట్టే పెద్ద గీజరు వస్తున్నది, పైపుల పని మాకే దొరికింది, ఒకపారి వచ్చి చూడు తాతా అని. నేనొచ్చి ఏం జూస్తరా, కండ్లకు మసకలాయె. మీ దగ్గర డ్రాయింగు ఉంటది, ఇంజినీరు ఉంటడు. ఆ డ్రాయింగుల ఎక్కని ముచ్చట్లు నా దగ్గర ఉన్నయి. అవి జెప్త. నిద్రొస్తే లేచి పో గని నడుమల ఫోను మాత్రం తియ్యకు.

నేను 1962ల ఆజంజాహి మిల్లుల హెల్పరుగ చేరిన. అప్పుడు వరంగల్ అంటే మిల్లే. 1934ల నిజాం ఉస్మాన్ అలీఖాన్ కట్టిపిచ్చిండు, పెద్దకొడుకు ఆజం జా పేరు వెట్టిండు. ఈడనే ఎందుకు కట్టిండు అంటవా? పత్తి చుట్టుపక్కలనే పండె. బొగ్గు ఇల్లెందుల 1889 నుంచే తవ్వుతుండ్రి. రైలు అంతకు ముందే వచ్చె. 1929ల కాజీపేట నుంచి బల్లార్షాకు లైను కలిసినంక ఢిల్లీ బండి మద్రాసు పోవాలన్నా మన కాజీపేట మీదికెళ్ళే పోవుడాయె. పత్తి, బొగ్గు, రైలు మూడూ ఒక్కతాన దొరికినంక మిల్లు ఇంకేడ పెడ్తరు? మిల్లు సైరన్ మోగితే ఊరంత లేచేది. గడియారం ఉన్నోళ్ళు గూడ సైరన్ ఇనే ముల్లు దిద్దుకునేటోళ్ళు.

బట్టల మిల్లంటే జనం కండెలు, మగ్గాలు అనుకుంటరు. ఆవిరి లేకుంటే ఒక్క మగ్గం కదలదు. పడుగుకు గంజి పట్టియ్యాలె, గంజి ఉడకాలంటే ఆవిరి. గంజి వట్టిన పడుగు ఆరాలంటే లోపట ఆవిరి నింపిన డ్రమ్ముల మీదికెళ్ళి పోవాలె. కడుగుడుకు, రంగుకు కాగిన నీళ్ళు గావాలె, అవి గూడ ఆవిరితోనే. బాయిలరు ఒక్కకాడ, పనులు పది కాడ. నడుమ మొత్తం మా పైపులు.

మా పెద్ద మిస్త్రీ కాజీపేట లోకోషెడ్డుల పని నేర్చిన మనిషి. సాయబు. మాట తక్కువ, చూపు ఎక్కువ. మిస్త్రీ సాబ్ అంటుంటిమి. చేరిన కొత్తల నా చేతికి పానా ఇయ్యనే ఇయ్యలే. లైను పొంటి నడువుమన్నడు, చెవు పెట్టి ఇనుమన్నడు, అంతే. ఒకనాడు ఆగి అడిగిండు, "ఈ లైన్ల నీ దుష్మన్ ఎవడురా?" అని. "ఆవిరి సాబ్" అన్న. నవ్విండు. "ఆవిరి మన నౌకరు. దుష్మన్ పానీ" అన్నడు.

నాకప్పుడు సమజ్ కాలే. ఆవిరి పోయే పైపుల నీళ్ళెక్కడియి? మీ లాండ్రీ లెక్కనే కట్టి చూపెడ్త, నీకు సమజైతది. 1,000 లీటర్ల నీళ్ళను 25 డిగ్రీలకెళ్ళి 60 డిగ్రీలకు తేవాలంటే 35,000 కిలోక్యాలరీల వేడి గావాలె. మూడు కిలోల ప్రెషర్ మీద ఉన్న ఆవిరి కిలో ఒకటి నీళ్ళుగ మారితే సుమారు 510 కిలోక్యాలరీలు ఇడుస్తది. అంటే దగ్గరదగ్గర 70 కిలోల ఆవిరి ఖర్చైతది. ఆ 70 కిలోల ఆవిరి వేడి ఇచ్చినంక యాడికి పోతది? 70 లీటర్ల నీళ్ళయి కాయిల్ అడుగున కూసుంటది. గీజరు అమ్మెటోడు 1,000 లీటర్ల ముచ్చటే జెప్తడు. ఫిట్టరు 70 లీటర్ల గురించి సోంచాయించాలె.

అది గీజరు లోపటి సంగతి. తొవ్వల గూడ అంతే. బాయిలరు కాడ్నుంచి గీజరు కాడికి వచ్చేదాంక పైపు గోడ నుంచి వేడి పోతనే ఉంటది, పోయిన కాడల్లా ఆవిరి నీళ్ళయితనే ఉంటది. చలికాలం పొద్దుగాల పైపంత సల్లగ ఉన్నప్పుడు ఇంకెక్కువ. ఆ నీళ్ళు సప్పుడు జెయ్యకుంట పైపు అడుగున పోతయి. పోతే మంచిదే. పోనియ్యకుంటేనే కత. పైపు యాడన్న నడుమల కుంగిందనుకో, ఆ గుంతల నీళ్ళు నిలుస్తయి. ఆవిరి లైన్ల ఒక్క సెకనుకు 25, 30 మీటర్లు ఉరుకుతది, గంట లెక్కల 100 కిలోమీటర్ల దాపు. నిలిచిన నీళ్ళ మీద ఆ జోరు గాలి తగిలితే అల లేస్తది. అల పైపు నెత్తికి తాకిందంటే తొవ్వ మూసుకున్నట్టే. ఎనుకకెళ్ళి వచ్చే ఆవిరి ఆ నీళ్ళ ముద్దను వడిసెలల రాయోలె ఇసిరికొడ్తది. ముందట బెండు వస్తే బెండుకు, వాల్వు వస్తే వాల్వుకు. దాన్నే వాటర్ హ్యామర్ అంటరు. ఇంకో తీరు గూడ ఉన్నది, అది ఇంకా చెడ్డది. చల్లబడ్డ నీళ్ళ నడుమ ఆవిరి బుడగ చిక్కుతది. ఆవిరి కిలో ఒకటి మామూలు గాలి ప్రెషర్ల నీళ్ళ కంటె 1,600 రెట్ల జాగ ఆక్రమిస్తది గదా, అది చటుక్కున నీళ్ళయిపోతే ఆ జాగంత ఖాళీ. నలుదిక్కుల నీళ్ళు ఆ ఖాళీల గుద్దుకుంటయి. ఆ దెబ్బ ఏ గేజీ ముల్లు చూపియ్యదు, ముల్లు లేచే యాళ్ళకు పని అయిపోతది.

అందుకే మిస్త్రీ సాబ్ లైను వెయ్యక ముందు నీళ్ళ తొవ్వ గీసేటోడు. చాక్‌పీసుతోని గోడ మీద. ఆవిరి పైపు తర్వాత. ముందు, నీళ్ళు యాడ పుడ్తయి, యాడికి పోతయి, యాడ దించాలె.

మెయిన్ లైన్ నుంచి కొమ్మ తీసుడు ఎప్పుడైనా పైపు నెత్తి మీదికెళ్ళే తీయాలె. అడుగుకెళ్ళి తీస్తే మెయిన్‌ల నీళ్ళన్నీ నీ కొమ్మలకే దిగుతయి. లైను వాలు ఆవిరి పోయే దిక్కుకే ఉండాలె, 10 మీటర్లకు 10 సెంటీమీటర్ల లెక్కన. ఆవిరి ఒకదిక్కు, నీళ్ళు ఎదురుదిక్కు పోవుడు పనికిరాదు. అప్పట్ల మాకు లేజరు గిట్ల యాడియి? సన్నటి పారదర్శక గొట్టంల నీళ్ళు పోసి ఇద్దరం ఇటొకడు అటొకడు పట్టుకుని మట్టం చూస్తుంటిమి. ఆ గొట్టంల గాలిబుడగ ఉంటే మట్టం అబద్ధం చెప్తది, అది గూడ ఆయననే నేర్పిండు, గొట్టాన్ని ఏలుతోని కొట్టి బుడగను మీదికి పంపిచ్చేది. ఇప్పుడు మీకు ఎర్రగీత కొట్టే మిషిన్లు ఉన్నయి. గీత మంచిగనే వస్తది. బ్రాకెట్లు దూరం దూరం పెట్టి పైసలు మిగిలిచ్చుకునే కాంట్రాక్టరును ఆ గీత ఆపలేదు. సపోర్టు దూరమైతే పైపు నీళ్ళ బరువుకు, దాని బరువుకు పొట్టేస్తది. పొట్టేసిన కాడ గుంత, గుంతల నీళ్ళు.

పైపు సైజు మార్చేకాడ ఇంకో మర్మం ఉన్నది. దుకాణంల దొరికే రెడ్యూసర్ గుండ్రంగ రెండు దిక్కుల సన్నమైతది. అది నిలువు పైపుకు పనికొస్తది. పండుకున్న పైపుకు అది పెడితే అడుగున గడప లేస్తది, ఆ గడపకు ముందట నీళ్ళు ఆగుతయి. అడుగు సాఫుగ ఉండి నెత్తి దిక్కే సన్నమయ్యే రెడ్యూసర్ వేరే దొరుకుతది. రెండింటికి ధర తేడా ఎంతనో ఉండది. పెట్టినోనికి, పెట్టనోనికి తేడా మాత్రం మస్తు.

ఇగ లైన్ల లోతట్టు కాడ, నిలువుగ లేసే ముందట, వాల్వు ముందట డ్రిప్పు పాకెట్టు పెట్టాలె. ఒక టీ అడుగుదిక్కు తిప్పి వేసి, కింద మూర పైపు దింపి, పక్కకెళ్ళి ఆవిరిని ఆపి నీళ్ళనే ఇడిసే ట్రాప్ తియ్యాలె. ఆ టీ లైను సైజుదే ఉండాలె. సన్నంది పెడ్తే నీళ్ళు దాని మీదికెళ్ళి దుంకి పోతయి, దిగయి. పాకెట్టు అడుగు ఖాళీగనే ఉండాలె, తుప్పు, చెత్త ఆడ కూసుంటది, కాక్ తిప్పితే పోతది.

చట్టం ముచ్చట ఒకటి ఇను. మూడున్నర కిలోల పైన ప్రెషర్ ఉన్న ఆవిరి పైపు బాయిలర్ల చట్టం కిందికి వస్తది. తెల్లోళ్ళ కాలంల 1923ల చేసిన చట్టం, రెగ్యులేషన్లు 1950ల వచ్చినయి. ఆ పాత చట్టం తీసేసి 2025ల కొత్తది తెచ్చిండ్రు. చట్టం మారినా పద్ధతి అదే: పైపుకు సర్టిఫికెట్టు ఉండాలె, వెల్డరుకు సర్టిఫికెట్టు ఉండాలె, డ్రాయింగు ఇన్‌స్పెక్టర్ చూడాలె. "గీజరే గదా, దానికి బాయిలరోళ్ళు ఎందుకు" అనేటోడు ఒక్కడు ఎప్పుడూ ఉంటడు. గీజరు మూడు కిలోలదే కావచ్చు, నీ పైపు బాయిలర్ నుంచి ఏడు కిలోలు మోసుకొస్తున్నది గదరా. ఇంకోటి, పైపు మీద రంగుపట్టీ చూడు. పసుపు పట్టీ ఏ క్లాసు, నీలం బీ, ఎరుపు సీ. ఆవిరికి పసుపు పట్టీ పైపు తెచ్చినోన్ని మిస్త్రీ సాబ్ గేటు కాడ్నే ఎనుకకు పంపేటోడు. మెయిన్‌కు సీమ్‌లెస్ పైపే. మర జాయింట్లకు జనుము, సఫేదా పూసుడు నీళ్ళ పైపుల కాడికి పెట్టుకో, ఆవిరికి ఫ్లాంజీ, వెల్డింగు.

అప్పట్ల రెడీమేడు బెండ్లు దొరుకుడు కష్టముండె. మేమే వంచుకునేది. ఆ పని చూడాలె నువ్వు. పైపు నిలువవెట్టి ఒక మూతికి కట్టె బిరడా కొట్టి, ఇసుక పోస్తుంటిమి. పోసుకుంట సుత్తెతోని పైపును కిందికెళ్ళి మీదిదాంక తట్టుకుంట రావాలె, ఇసుక గట్టిగ దిగాలె, లేకుంటే వంచినప్పుడు పైపు సొట్టపోతది. నిండినంక రెండో మూతికి బిరడా. కొలిమిల బొగ్గు మీద వంగే జాగను ఎర్రగ కాల్చి, గుంజల నడుమ పెట్టి ఇద్దరు ముగ్గురం గుంజుతుంటిమి. నేను చూసి ఆశ్చర్యపోయిందేందంటే, ఇసుక పోసే ముందు మిస్త్రీ సాబ్ దాన్ని పెద్ద రేకు మీద పోసి కింద మంట పెట్టి ఏంచేటోడు. పిడికిట్ల పట్టి ఇడిస్తే పొడిపొడిగ జారాలె. ఎందుకు సాబ్, ఎండకు ఆరింది గదా అంటే, లోపట తడి చారెడు ఉన్నా సాలు, ఎర్రగ కాలినప్పుడు ఆవిరై బిరడాను తుపాకీ గుండు చేస్తది, అన్నడు. ఈడ గూడ నీళ్ళే సూడు. ఆయన బుద్ధి ఎప్పుడూ నీళ్ళ చుట్టే తిరిగేది.

ఇనుము పెరుగుతది, యాదికుంచుకో. 30 మీటర్ల పైపు 30 డిగ్రీలకెళ్ళి 150 డిగ్రీలకు పోతే 43 మిల్లీమీటర్లు సాగుతది. రెండు వేళ్ళ కంటె ఎక్కువ మందం. రెండు కొసలు గోడల బిగిచ్చినవనుకో, అది గోడనన్న నూకుతది, ఫ్లాంజీనన్న ఇరుస్తది. అందుకే నడుమల గుర్రపునాడ బెండు పెడ్తరు, కొన్ని సపోర్టులు గట్టిగ పట్టాలె, కొన్ని జారనియ్యాలె. ఆ బెండును పండవెట్టి వెయ్యాలె. నిలువుగ పెడ్తే దాని కాళ్ళకాడ నీళ్ళు నిలుస్తయి, నిలువే పెట్టక తప్పదంటే ఎదురుకాలు కాడ ట్రాప్ పెట్టాలె. గోడల నుంచి పైపు పోయేకాడ లావు గొట్టం వేసి దాంట్ల నుంచి పంపాలె, సిమెంటుతోని పూడ్చొద్దు.

గీజరు కాడికి వచ్చినంక ఏడు కిలోలను మూడు చెయ్యాలె, దానికి ప్రెషర్ తగ్గిచ్చే వాల్వు. ముందు నీళ్ళు దించే పాకెట్టు, తర్వాత జల్లెడ, తర్వాత వాల్వు. జల్లెడ బుట్ట కిందికి ఏలాడదీయకు, పక్కకు తిప్పి పెట్టు, లేకుంటే ఆ బుట్టల గూడ నీళ్ళు నిలుస్తయి. రెండు దిక్కుల గేజీలు. తర్వాతి పైపు ముందటిదాని కంటె లావు ఉండాలె. ఏడు కిలోల ప్రెషర్ల కిలో ఆవిరికి 0.24 ఘనపు మీటర్ల జాగ సాలు, మూడు కిలోలకు దిగితే 0.46 గావాలె, దాదాపు రెట్టింపు. ఆ లావు పైపు మీద సేఫ్టీ వాల్వు. ప్రెషర్ తగ్గిచ్చే వాల్వు చెడిపోయి మొత్తం తెరుసుకుంటే వచ్చే ఆవిరినంత ఇడిసేటంత పెద్దది గావాలె. దాని మూతి పైపు కప్పు మీదికి, మనుషులు తిరగని దిక్కుకు తియ్యాలె. ఆ పైపు అడుగున చిన్న బెజ్జం ఉండాలె, వానపడ్డ నీళ్ళు కారిపోనీకి. సేఫ్టీ వాల్వుకు ముందట గని ఎనుక గని కాక్ పెట్టిన మొనగాళ్ళను చూసిన నేను. "కారుతున్నది, అందుకే బంద్ చేసిన" అంటడు. కారుతున్నదంటే అది చెప్పేది ఇను ముందు.

ఆవిరి గీజరుల కాయిల్ కింద ట్రాప్ పెట్టేకాడ చానమంది ఓడిపోతరు. కాయిల్ మూతికి మూర కిందికి దింపి ట్రాప్ పెట్టాలె, ఆ తర్వాత నీళ్ళు ఇంక దిగుకుంటనే పోవాలె. ట్రాప్ దాటినంక నీళ్ళను మీదికి లేపుతమంటే నూకే ప్రెషర్ ఉండాలె గదా. నీళ్ళు మంచిగ కాగినంక థర్మోస్టాటు ఆవిరి వాల్వును ముయ్యవడ్తది. కాయిల్ల ఉన్న ఆవిరి నీళ్ళయి లోపట ఖాళీ పుడ్తది. ఇగ నూకెటోడు లేడు. పైన పైపుల ఉన్న నీళ్ళు ఎనుకకే వస్తయి. కాయిల్ సగం నీళ్ళతోని నిండి ఉంటది, మళ్ళ ఆవిరి వచ్చినప్పుడు లోపట టకటక కొడ్తది, కాయిల్ పగుల్తది. అందుకే కాయిల్ నెత్తిన గాలి లోపటికి పోనిచ్చే వాక్యూమ్ బ్రేకర్ పెట్టు. నీళ్ళు బరువుకే దిగాలె. కింద చిన్న ట్యాంకు, ఆడ్నుంచి పంపుతోని బాయిలరు కాడికి. కాగిన నీళ్ళు మోరీల ఇడుసుడు పాపం, దాంట్ల బొగ్గు పైసలున్నయి.

ఒక ముచ్చట చెప్త, ఊరు పేరు అడుగకు. 1980లల ఒక దవాఖాన లాండ్రీల గిసొంటి గీజరే పెట్టిండ్రు. పని మాది కాదు, పగిలినంక చూసిపోండ్రి అని పిలిచిండ్రు. పోయి చూస్తే పోత ఇనుప వాల్వు రెండు పెచ్చులు. లైను పొంటి నడిచినం. రెండు బ్రాకెట్ల నడుమ పైపు కుంగి ఉన్నది, దారం గుంజి పట్టుకుని చూస్తే నా బొటనేలంత వంపు. దాని అవుతల గుండ్రటి రెడ్యూసర్. పాకెట్టు లేదు. ఆదివారం బంద్ ఉండె, సోమవారం చీకటితోని ఒక పోరగాడు వచ్చి, బట్టలు ఆలస్యమైతున్నయని మెయిన్ వాల్వు ఒక్కసారే మొత్తం తిప్పిండు. రాత్రంత నిలిచిన నీళ్ళు ఎదురుంగ ఉన్న వాల్వుకు పోయి తగిలినయి. పోరని చెయ్యి, మెడ కాలినయి, బతికిండు. వాల్వు నాసిరకం అని రాసుకున్నరు కాయితంల. మిస్త్రీ సాబ్ ఆ పెచ్చు తిప్పి చూసి పక్కకు పెట్టిండు, "వాల్వు ఏం జేసింది, ముందట నిలవడ్డది, అంతే" అన్నడు. కొత్త వాల్వు తెచ్చి అదే లైనుకు బిగిద్దమనుకున్నోళ్ళకు ఆయన ఆ గుంతనే చూపెట్టిండు. ఆ లైను మొత్తం దింపి మళ్ళ కట్టినం.

ఇది చిన్న దవాఖానల అయిందని అనుకోకు. న్యూజెర్సీల మీ అన్న లేడా, వాడు చెప్పిండు ఫోన్ల. న్యూయార్క్ నగరంల భూమి కింద పైపులల్ల ఆవిరి ఇండ్లకు, ఆఫీసులకు అమ్ముతరట. 2007 జులై 18 నాడు, పొద్దుమీకి ఆఫీసులు ఇడిసే యాళ్ళకు, గ్రాండ్ సెంట్రల్ స్టేషన్ పక్కన 1924ల వేసిన 24 ఇంచుల పైపు పేలింది. రోడ్డు మీద పెద్ద గుంత, ఆవిరి బురద కలిసి పక్కన ఉన్న క్రైస్లర్ బిల్డింగు ఎత్తు దాంక లేసిందట. ఒక మనిషి పానం పోయింది, చానమందికి దెబ్బలు. ఎందుకైందో తీస్తే ఏం తేలింది? ఆ పొద్దు పెద్ద వాన, చల్లటి నీళ్ళు పైపు చుట్టు చేరి ఆవిరి జోరుగ నీళ్ళాయె. అవి దించాల్సిన ట్రాప్‌లు మూసుకుపోయి ఉన్నయి. అంతకు ముందు లీకు ఆపెటందుకు పూసిన మందు లోపటికి పోయి వాటి గొంతుల అడ్డం పడ్డదట. ఇంటుంటే నాకు మిస్త్రీ సాబే యాదికొచ్చిండు. అంత పెద్ద ఊరు, అంత పెద్ద కంపెనీ, ఆఖరికి నీళ్ళకు తొవ్వ లేకపాయె.

ఇగ గీజరు నీళ్ళ దిక్కు. అది గూడ తక్కువది కాదు. 1,000 లీటర్లు 25 నుంచి 60కి కాగితే 14 లీటర్లు పెరుగుతయి. చల్లనీళ్ళ లైన్ల ఎనుకకు పోనియ్యని వాల్వు పెడ్తరు గదా, మరి ఆ 14 లీటర్లు యాడ పోవాలె? ఎక్స్‌పాన్షన్ ట్యాంకు ఉండాలె, ట్యాంకు మీద ప్రెషర్‌కు, వేడికి రెండింటికి తెరుసుకునే రిలీఫ్ వాల్వు ఉండాలె. దాని పైపు నేల దాంక, మనిషికి కనపడే కాడికి దింపాలె. 60 డిగ్రీల నీళ్ళు అయిదు సెకన్లు పడితే తోలు ఊడుతది, మనుషులు చేతులు కడిగే నల్లాలకు చల్లనీళ్ళు కలిపే వాల్వు వేరే పెట్టు. అట్లని ట్యాంకునే 45కు దింపకు, గోరువెచ్చటి నీళ్ళల్ల పురుగు పుడ్తది. మన దిక్కు బోరు నీళ్ళకు సున్నం ఎక్కువ, కాయిల్ మీద పెంకు కడ్తది. కాయిల్ బయటికి గుంజెటంత జాగ ముందట ఇడిసి గీజరు పెట్టియ్యి. గోడకు ఆనిచ్చి పెట్టి, కడిగే దినం వస్తే గోడ పలగ్గొట్టినోళ్ళు ఉన్నరు.

అంత బిగిచ్చినంక టెస్టు. నడిపే ప్రెషర్‌కు ఒకటిన్నర రెట్లు, చల్లటి నీళ్ళతోని. కొందరు గాలితోని చేద్దం జల్దైతది అంటరు, చెయ్యనియ్యకు. గాలిని ఒత్తితే ఒదుగుతది, ఒదిగింది యాడన్న పగిలితే పెచ్చులు ఇసురుతది. నీళ్ళు ఒదుగవు, పగిలితే చిమ్మి ఊకుంటయి. ఇన్నేండ్లు దుష్మన్ దుష్మన్ అన్న నీళ్ళే ఆ ఒక్క పూట మన దోస్తు. నెత్తిన కాక్ తెరిచి గాలంత పోయేదాంక నింపాలె. సేఫ్టీ వాల్వు తీసి ఆ మూతికి బ్లాంకు వెయ్యి. టెస్టయినంక ఆ బ్లాంకు తీసినవా లేదా అని నువ్వే చూడు, ఇంకోన్ని అడుగకు.

పైపు మీద చుట్టే జాకెట్టు ముచ్చట ఒక్క మాటల చెప్త. మా కాలంల ఆస్బెస్టాస్ తాడు చుట్టి, మీద పిండి పూసేది. ఆ పొడి పీల్చుకుంటనే అన్నం తిన్నం. అది ఊపిరితిత్తులను తింటదని ఎవలు చెప్పిండ్రు మాకు? మీకు రాళ్ళ ఉన్ని ఉన్నది, మీద అల్యూమినియం రేకు వేసి మూలలు సీలు చెయ్యుండ్రి. ఫ్లాంజీలకు గూడ తొడుగులు వెయ్యాలె. పాత లైను ఇప్పుతున్నప్పుడు తెల్లటి జాకెట్టు కనపడితే చెయ్యి పెట్టకు, దాన్ని తీసెటోళ్ళు వేరే ఉంటరు.

మొదటి దినం ఆవిరి ఇడిసే పొద్దు ఆగమాగం చెయ్యొద్దు. పాకెట్ల కాక్‌లన్నీ తెరువు. వాల్వుకు ఎదురుంగ కాదు, పక్కకు నిలవడు. చక్రాన్ని కొంచెం, సూదిమొన ఆవిరి పోయేటంత తిప్పి ఆగు. పైపు వేడెక్కేటప్పుడు కిరకిర అంటది, అది మంచి సప్పుడు. టక్ అన్నదనుకో, ముయ్యి. కాక్ నుంచి నీళ్ళు పోయి ఒట్టి ఆవిరి వచ్చినంకనే ఆ కాక్ బంద్ చేసి ముందటికి పో. లీకు దేవులాడాలంటే చెయ్యి తిప్పొద్దు. ప్రెషర్ల ఉన్న ఆవిరి బెజ్జం కాడ కనపడది, జానెడు అవుతల తెల్లగ కనపడేది అప్పటికే నీటి తుంపర. మిస్త్రీ సాబ్ పొడుగు కట్టెకు చీపురు పుల్లలు కట్టి ఫ్లాంజీల చుట్టు తిప్పేటోడు, పుల్లలు ఊగిన కాడ చాక్‌తోని గుర్తు. చల్లారినంక, ప్రెషర్ లేనప్పుడు బోల్టులు ఎదురెదురు బిగిచ్చేది. ఒకదాని పక్కది బిగిస్తే ప్యాకింగు ఒరిగిపోతది.

1974ల మిల్లు సర్కారు టెక్స్‌టైల్ కార్పొరేషన్ కిందికి పోయింది, 2002ల బంద్ పడ్డది. నేను దాంతోనే ఇంటికొచ్చిన. మిస్త్రీ సాబ్ అంతకు చానేండ్ల ముందే పనిల నుంచి దిగిపోయిండు. ఇంటికి పోయినంక గూడ ఊళ్ళె యాడ ఆవిరి పని ఉన్నా ఆయనను పిలిచెటోళ్ళు, ఆయన నన్ను పిలిచెటోడు. ఒక కార్ఖాన్ల కాయిల్ మార్చే పని. మెయిన్ వాల్వు మూసి చక్రానికి గొలుసు చుట్టి తాళం వేసి, చెవి జేబుల ఏసుకున్నడు. పని అయింది, నేను బయటికొచ్చిన, సామాను సదురుకున్నం. పైన ఇద్దరు జాకెట్టు కడుతున్నరు ఇంక. మిస్త్రీ సాబ్ నమాజుకు టైమైందని చెప్పి సైకిలెక్కి మట్టెవాడకు పోయిండు, చెవి జేబులనే ఉన్నది. పని పెట్టిచ్చినాయన వచ్చిండు, ఆవిరి ఇడువుండ్రి అన్నడు. తాళం. గొలుసు కోయుండ్రి అన్నడు. ఒక హెల్పరు హాక్సా తెచ్చిండు గూడ. నేను అడ్డం నిలవడ్డ. ఆయన నోటికొచ్చినట్టు తిట్టిండు, రేపట్నుంచి రావద్దన్నడు. మిస్త్రీ సాబ్ తాపీగ తిరిగొచ్చి ముందుగల నిచ్చెన కాడికి పోయి, పైన ఇద్దరున్నరా దిగిండ్రా అని పేరు పెట్టి పిలిచి, ఒక్కొక్కని నేల మీద నిలవెట్టి లెక్క చూసుకుని, అప్పుడు జేబుల చెయ్యి పెట్టిండు. ఆ పెద్దమనిషి "రెండో చెవి మా ఆఫీసుల పెట్టుండ్రి మిస్త్రీ" అన్నడు. "ఈ తాళానికి రెండో చెవి చేపియ్యలే సాబ్" అన్నడు ఆయన.

మీ లాండ్రీల తాళాలు ఎవలు తెస్తున్నరు, కాంట్రాక్టరా? రేపు అడుగు. ఒక్క చెవిదే తెమ్మను.